సీపీయూలో నీళ్లు పోయాయి, సేటు లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి

మీరు రాసింది ఇదీ: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణం, మిర్చి సీజను. సీపీయూ నెత్తిన పెట్టిన నీళ్ల సీసా ఒరిగి, పైనున్న జాలీలోంచి సగం నీళ్లు లోపలికి పోయాయి. మిషన్ టక్కున ఆగిపోయింది. పైపైన తుడిచి, అరగంట ఆగి ఆన్ చేస్తే లైటు వెలిగింది, ఫ్యాను ఓ అరచుట్టు తిరిగి ఆగింది. మళ్లీ నొక్కినా అంతే. కాలిన వాసన లేదు, టప్‌మన్న శబ్దం లేదు. ఒకాయన బియ్యంలో పెట్టమన్నాడు, ఇంకొకాయన డాబా మీద ఎండలో పెట్టమన్నాడు. రైతులకిచ్చే తక్‌పట్టీలు (సరుకు అమ్మిన లెక్క చీటీలు), టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని పద్దులు అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయని సేటు తల పట్టుకున్నాడు.

హన్మకొండలో కంప్యూటర్ రిపేర్ల మీదే బతుకుతున్నవాణ్ని కాబట్టి ఇలాంటివి చాలానే చూశాను. వేసవి వచ్చిందంటే సీపీయూ మీద నీళ్ల సీసా, వానాకాలం వచ్చిందంటే కిటికీలోంచి జల్లు. మీ మిషన్ బతకడానికి అవకాశం బాగానే ఉంది. మూడోసారి మాత్రం ఆ బటన్ జోలికి పోకండి.

మీరు చెప్పిన లక్షణం నిజానికి మరీ చెడ్డ కబురేం కాదు. ఎక్కడైనా షార్ట్ ఉందని పసిగడితే కాస్త మంచి ఎస్ఎంపీఎస్ (డబ్బాలో అన్ని భాగాలకూ కరెంటిచ్చే పెట్టె) తనంతట తానే కరెంటు ఆపేసుకుంటుంది. ఫ్యాను కదిలి ఆగిపోవడం చాలాసార్లు అదే. ఆ షార్ట్ నీటి చుక్క వల్ల వచ్చిందైతే చుక్కతోపాటే పోతుంది. కాకపోతే మీరు బటన్ నొక్కిన ప్రతిసారీ, ఆ అర సెకను సేపు లోపలున్న తడి మదర్‌బోర్డు మీదికి 12 వోల్టులు పోతున్నాయి. ప్రాసెసర్‌కు కావాల్సింది ఒక వోల్టు అటూ ఇటూ. ఆ రెండు దారులూ బోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో నీళ్లుండగా ఆన్ చేయడమంటే, 12 వోల్టులు ఒక వోల్టు దారిలోకి దూకుతాయో లేదో అని పందెం కాయడమే.

కరెంటు తీసేశామని రాశారు, ఎలా తీశారో రాయలేదు. అది తేల్చుకోవాలి. మార్కెట్ దుకాణాల్లో అందరికీ యూపీఎస్ ఉంటుంది. గోడ స్విచ్ ఆపితే యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుందే తప్ప సీపీయూకు కరెంటు ఆగదు. యూపీఎస్ ముందున్న బటన్ నొక్కిపట్టి దాన్నీ ఆపాలి. ఆపాక సీపీయూ వెనక ఉన్న నల్లటి లావు కేబుల్ ఊడబీకాలి. షట్‌డౌన్ అయిన కంప్యూటర్‌లో కూడా, ఆ కేబుల్ ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్ ఒక 5 వోల్టుల లైను బోర్డుకు ఇస్తూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కగానే మిషన్ లేవడానికి అదే ఆధారం. ఆఫ్ చేసి రాత్రంతా ఆరబెట్టామంటూ, కేబుల్ మాత్రం అలాగే ఉంచి, పొద్దున బోర్డు పచ్చబడి తెచ్చినవాళ్లున్నారు.

నీళ్లు నేల మీద, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కూడా పారితే దేన్నీ ముట్టుకోవద్దు. ముందు మెయిన్ దగ్గర ఉన్న ఎంసీబీ స్విచ్చు దించాలి. చెప్పులు లేకుండా తడి నేల మీద నిలబడి ప్లగ్గు లాగే పని సేటు చెప్పినా చేయకండి. యూపీఎస్ మీదే నీళ్లు పడితే అది ఇంకా ప్రమాదం. గోడ కరెంటు లేకపోయినా లోపలున్న బ్యాటరీతో బయటికి 230 వోల్టులు ఇవ్వగల పెట్టె అది. దాన్ని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

కేబుల్ తీశాక పవర్ బటన్ నొక్కిపట్టి మిగిలిన చార్జి దింపమని చాలామంది చెబుతారు. పొడి మిషన్‌కు మంచి అలవాటే. తడిదానికి అక్కర్లేదు, ఆ మిగిలిన కరెంటును బోర్డంతా తిప్పడం దేనికి? పది నిమిషాలు ఊరుకుంటే దానంతటదే దిగుతుంది. బోర్డు మీద చిన్న లైటు ఉంటే అది ఆరిపోవడమే గుర్తు.

నీళ్లు పడగానే బోర్డు చచ్చిపోతుందని అనుకుంటారు. బోర్డు తయారీలో దాన్ని నీళ్లతోనే కడిగే పద్ధతులున్నాయి, లవణాలు తీసేసిన నీళ్లతో. అసలు నష్టం నీళ్లు, లవణం, వోల్టేజీ మూడూ ఒకచోట కలిసినప్పుడు. కరెంటున్న బోర్డు మీద ఉప్పు కలిసిన తడి చేరితే ప్లస్ వైపు రాగి కరిగి, మైనస్ వైపుకు చేరి, అక్కడి నుంచి సన్నని వెంట్రుకల్లా పెరుగుతుంది. కంటికి కనబడనంత సన్నగా ఉండి కూడా పక్కపక్కనున్న రెండు చిప్పు కాళ్లను కలిపేస్తుంది. దీనికి 12 వోల్టులే ఉండాలని లేదు. బోర్డు మీద రూపాయి బిళ్లలా కనిపించే సీఆర్2032 బ్యాటరీ ఇచ్చే 3 వోల్టులు చాలు, కాకపోతే మెల్లగా జరుగుతుంది. అందుకే అదీ పీకేయాలి. చాలా బోర్డుల్లో అది గ్రాఫిక్స్ కార్డు కింద దాక్కుని ఉంటుంది. చేతికి అందలేదని వదిలేస్తారు.

ఏ నీళ్లు పడ్డాయన్నది కూడా ముఖ్యమే. ప్లాంటు నీళ్ల క్యాను నుంచి పట్టిన సీసా అయితే లవణాలు తక్కువ, మీ అదృష్టం. వడ్డేపల్లి, ధర్మసాగర్, భద్రకాళి చెరువుల నుంచి శుద్ధి చేసి వచ్చే నల్లా నీళ్లైతే మధ్యస్తం. బోరు నీళ్లైతే ఆరిన తర్వాత బిందె అడుగున పట్టే తెల్లటి సుద్దే బోర్డు మీదా పడుతుంది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు దొరకనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. మన చుట్టుపక్కల బోర్లు ఆ పై అంచువైపే ఉండే చోట్లు తక్కువేం కాదు. చాయ్ పడితే చక్కెర జిగురు ఆరినా పోదు. ఉప్పేసిన సల్ల (మజ్జిగ) పడితే మాత్రం అన్నిటికన్నా చెడ్డది. అలాంటప్పుడు ఆరబెట్టడం పనికిరాదు, కడగాల్సిందే. ఎలాగో కింద చెబుతాను.

ఇక సేటు బాధ. మిషన్ కంటే ముందు లెక్కల సంగతి చూడండి. లెక్కలు ఉండేది బోర్డులో కాదు, హార్డ్‌డిస్క్‌లోనో ఎస్ఎస్‌డీలోనో. బోర్డు మొత్తం కాలిపోయినా అది బాగుండొచ్చు. సైడు రేకు తీసి అది ఎక్కడుందో చూడండి. మామూలు డబ్బాల్లో హార్డ్‌డిస్క్ ముందువైపు, కిందగా ఉంటుంది. పైనుంచి పడిన నీళ్లు వెనకవైపు బోర్డు మీదుగా జారతాయి కాబట్టి డిస్క్ చాలాసార్లు పొడిగానే దొరుకుతుంది. రెండు కేబుళ్లు ఊడదీసి, మరలు తీసి, బయటికి తెచ్చి విడిగా పెట్టండి.

పొడిగా ఉంటే ఇంకేం, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ ఒకటి కొని లేదా అడిగి తెచ్చుకుని, వేరే కంప్యూటర్‌కు తగిలించండి. పెద్ద హార్డ్‌డిస్క్‌కు యూఎస్‌బీ కరెంటు చాలదు, విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్న రకం కావాలి. చిన్న ఎస్ఎస్‌డీకి అక్కర్లేదు. తగిలించగానే ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే వద్దనండి. బిట్‌లాకర్ తాళం అడిగితే కంగారు పడకండి. ఈమధ్య వచ్చిన విండోస్ మిషన్లలో డిస్క్‌కు అడగకుండానే తాళం పడి ఉండొచ్చు. ఆ కంప్యూటర్‌లో ఏ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యారో దాన్ని ఫోన్‌లో తెరిస్తే రికవరీ కీ దొరుకుతుంది. టాలీ ఫోల్డర్‌లో డేటా అనే ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల ఉత్త అంకెల పేర్లతో ఉన్నవే మీ కంపెనీలు. మొత్తం ఫోల్డర్‌నే రెండు చోట్ల కాపీ చేసుకోండి. దాన్ని తెరిచి సరిచూడటం తర్వాతి పని. లైసెన్సు పోతుందని సేటు భయపడితే, కొన్నప్పుడు ఇచ్చిన ఈమెయిల్ గుర్తుంటే చాలని చెప్పండి, కొత్త మిషన్‌లో మళ్లీ తెచ్చుకోవచ్చు. జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి, కాబట్టి పాత ఏడాదుల ఫోల్డర్లను అక్కర్లేదని వదిలేయొద్దు.

డిస్క్ తడిసి ఉంటే మాట మారుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలేవీ లేవు, బోర్డును శుభ్రం చేసినట్టే చేసి ఆరబెట్టి వాడొచ్చు. హార్డ్‌డిస్క్‌కు పైన గాలి కోసం ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని మూయొద్దని పక్కన రాసి కూడా ఉంటుంది. బయట నాలుగు చుక్కలు పడితే తుడిచి, కింది పచ్చ బోర్డును శుభ్రం చేసి, రెండు మూడు రోజులు ఆరనిస్తే సరిపోతుంది. మునిగి, లోపలికి నీళ్లు పోయిందని అనుమానముంటే మాత్రం తిప్పొద్దు, మూత తీయొద్దు, ఆరబెట్టను కూడా వద్దు. లోపల మురికి పలకల మీదే ఎండి అతుక్కుంటుంది. తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి నేరుగా పట్టుకెళ్లండి. ఖర్చు గట్టిగానే ఉంటుంది. మీ దాని స్థితి అంతదాకా రాలేదనే అనుకుంటున్నా.

లెక్కలు చేతికొచ్చాక నిదానంగా డబ్బా సంగతి. విప్పే ముందు ఫోన్‌తో నాలుగువైపులా ఫోటోలు తీసుకోండి, ముఖ్యంగా కుడివైపు కింద మూలన పవర్ బటన్ నుంచి వచ్చే సన్న తీగలు ఎక్కడెక్కడ గుచ్చి ఉన్నాయో. తిరిగి బిగించేటప్పుడు అందరూ ఏడ్చేది అక్కడే.

నీళ్లు ఏ దారిన పోయాయో ఊహించడం సగం పని. బోర్డు డబ్బాలో నిలువుగా నిలబడి ఉంటుంది. పై జాలీలోంచి పడిన నీళ్లు మొదట తగిలేది ప్రాసెసర్‌కు కరెంటిచ్చే ప్లగ్గు, దాని చుట్టూ ఉన్న కాయిల్స్. అక్కడి నుంచి ప్రాసెసర్ ఫ్యాను మీదికి, దాని కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని వీపు మీదికి. కార్డు మీద నీళ్లు గుంటకట్టి, అక్కడి నుంచి స్లాట్‌లోకి దిగుతాయి. చివరగా అడుగున ఉన్న యూఎస్‌బీ, ఆడియో పిన్నుల మీదికి. పాత డబ్బాల్లో ఎస్ఎంపీఎస్ పైన ఉంటుంది, అంటే నీళ్లన్నీ మొదట దాని నెత్తినే పోస్తాయి. కొత్తవాటిలో అడుగున ఉంటుంది, పైనుంచి కారినవన్నీ చివరికి అందులోకే చేరతాయి. మీది ఎక్కడుందో చూసి గుర్తుపెట్టుకోండి, దాని గురించి విడిగా చెప్పాలి.

మీ దుకాణానికి ఇంకో తలనొప్పి కూడా ఉంది. మిర్చి యార్డు దుమ్ము. ఎనుమాముల నుంచి వచ్చే సీపీయూలు తెరిస్తే ఎర్రటి దుమ్ము ఫ్యాను రెక్కల మీద మందంగా పేరుకుని ఉంటుంది, విప్పినవాడికి తుమ్ములు ఆగవు. మామూలు బోర్డు మీద పడిన నీళ్లు జారిపోతాయి, దుమ్మున్న బోర్డు మీద పడినవి ముద్దై అక్కడే కూర్చుంటాయి. పైన ఆరినట్టు కనిపించినా ముద్ద లోపల రోజుల తరబడి తడి ఉంటుంది. కాబట్టి మీ విషయంలో ఆరబెట్టడమొక్కటే సరిపోదు, ఆ ముద్ద తీయాల్సిందే. ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చోండి.

ర్యాములు, గ్రాఫిక్స్ కార్డు తీయండి. ప్రాసెసర్ ఫ్యాను తీసే ధైర్యముంటే తీయండి, తీస్తే మళ్లీ పెట్టేటప్పుడు కొత్త థర్మల్ పేస్ట్ రాయాలి. పాత ఏఎండీ బోర్డుల్లో, అంటే ప్రాసెసర్‌కే పిన్నులున్న వాటిలో, ఫ్యానును నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా అంటుకుని ఊడొస్తుంది. కొంచెం అటూ ఇటూ తిప్పి, పట్టు వదిలాక లేపాలి. ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. ఆ సాకెట్‌ను గుడ్డతో తుడవొద్దు, దూదితో అసలే వద్దు. ఒక్క పిన్ను వంగినా బోర్డు పనికిరాకుండా పోవచ్చు. నీళ్లు అక్కడిదాకా పోలేదనిపిస్తే ప్రాసెసర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

శుభ్రం చేయడానికి కావాల్సింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం రకం. సెల్‌ఫోన్ రిపేర్ చేసేవాళ్లందరి దగ్గరా ఉంటుంది, ఐపీఏ అంటే ఇస్తారు. 70 శాతం రకంలో మిగతా ముప్పై నీళ్లే కదా, వద్దు. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. థిన్నర్, పెట్రోల్ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌ను ఐపీఏలో ముంచి, తడిసిన చోటల్లా నెమ్మదిగా రుద్దండి. చిప్పుల అంచులు, ర్యామ్ స్లాట్లు, కాయిల్స్ మధ్య సందులు, వెనక ఉన్న పోర్టులు చూడండి. ఐపీఏ నీళ్లతో కలిసి, సందుల్లో ఇరుక్కున్న తడిని కూడా పట్టుకుని ఆవిరైపోతుంది. అంటుకునే సరుకు అది, దగ్గర్లో బీడీ, అగర్‌బత్తి ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి.

చాయ్, సల్ల, బోరు నీళ్లు పడినవాళ్లు ఐపీఏ కంటే ముందు కడగాలి. చక్కెర, ఉప్పు నీళ్లలో కరిగినంతగా ఐపీఏలో కరగవు. దీనికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే బ్యాటరీ వాటర్ పనికొస్తుంది, లవణాలు తీసిన నీళ్లే అవి. అదే షాపులో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, సీసా మీద రాసింది చదివి తీసుకోండి. బటన్ బ్యాటరీ, ర్యామ్, ప్రాసెసర్ అన్నీ తీసేసిన ఒట్టి బోర్డు మీద, ఆ నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ బ్రష్‌తో కడిగి, వంచి కార్చి, తర్వాత ఐపీఏ. తడిసిన బోర్డు మీద మళ్లీ నీళ్లు పోయడమేంటని చూసేవాళ్లు గుండెలు బాదుకుంటారు. పట్టించుకోవద్దు, కరెంటు లేని బోర్డు అది.

ర్యామ్ బంగారు రంగు కాళ్లను రబ్బరుతో రుద్దే అలవాటు మన మెకానిక్‌లకు ఉంది. తెల్లటి మెత్తటి రబ్బరుతో తేలిగ్గా రుద్దితే నష్టం లేదు, ఆ రబ్బరు పొడి స్లాట్‌లో రాలకుండా చూసుకోవాలి. నేనైతే ఐపీఏతోనే సరిపెడతాను.

ఆరబెట్టడం దగ్గర సలహాలిచ్చేవాళ్లు ఎక్కువ. బియ్యం సంగతి మొదట. బియ్యం బస్తాలోని గాలి కదలదు, తడి పోవాలంటే గాలి కదలాలి. పైగా తవుడు, పిండి సందుల్లోకి పోయి మిర్చి దుమ్ముకు తోడవుతుంది. వద్దు. ఎండ గురించి చెప్పిన పెద్దాయనది పూర్తిగా తప్పేం కాదు, కానీ మన వరంగల్ మే ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది, ఆ ఎండలో నల్లటి బోర్డు, ప్లాస్టిక్ ఇంకా కాగుతాయి. డాబా మీద దుమ్ము కూడా లేస్తుంది. నీడలో, వెచ్చగా ఉన్న గదిలో, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి వదిలేయడమే అన్నిటికన్నా మంచిది. బోర్డును పడుకోబెట్టకుండా గోడకు ఆనించి నిలబెట్టండి.

కూలర్ ముందు మాత్రం పెట్టకండి. ఇది చెప్పాల్సిన అవసరమేంటని నవ్వుకోవచ్చు, కానీ గాలి బాగా వస్తుందని కూలర్ ముందే ఆరబెట్టి తెచ్చినవాళ్లున్నారు. కూలర్ నుంచి వచ్చేది తడి గాలి, దగ్గరగా పెడితే తుంపర కూడా వస్తుంది. హెయిర్ డ్రయ్యర్ ఉంటే చల్లగాలి మీద పెట్టి, దూరం నుంచి, సందుల్లో నీళ్లు బయటికి నెట్టడానికి వాడొచ్చు. వేడి మీద పెడితే ప్లాస్టిక్ క్లిప్పులు వంకరపోతాయి. పంక్చర్ షాపు కంప్రెషర్ దగ్గరికి తీసుకెళ్లే అలవాటు ఇంకొకటి. ఆ ట్యాంకులో నీళ్లు, ఆయిల్ చేరి ఉంటాయి, గాలితోపాటు అవీ చిమ్ముతాయి. బ్లోయర్ అద్దెకో అరువుకో దొరికితే అదే వాడండి, గాలి కొట్టేటప్పుడు ఫ్యానులు గిరగిరా తిరగకుండా వేలితో ఆపండి.

ఎంతసేపు? ఐపీఏతో శుభ్రం చేసిన బోర్డుకు వేసవిలో ఒక రోజు, ఒకటిన్నర రోజు చాలు. ఆగస్టులో ముసురు పట్టినప్పుడైతే రెండు మూడు రోజులు. మిర్చి సీజన్‌లో దుకాణం ఆగదని నాకూ తెలుసు. డిస్క్ బయటికి వచ్చింది కదా, ఈ రెండు రోజులూ పక్క దుకాణం కంప్యూటర్‌లోనో అరువు ల్యాప్‌టాప్‌లోనో టాలీ నడిపించండి. తొందర తగ్గితే బోర్డు బతుకుతుంది.

ఎస్ఎంపీఎస్ గురించి చెబుతానన్నాను. దాన్ని విప్పొద్దు. మన 230 వోల్టులు లోపల డీసీగా మారితే 325 వోల్టులవుతుంది, కొన్ని రకాల్లో 380 నుంచి 400 దాకా పోతుంది. ఆ కరెంటు పెద్ద కెపాసిటర్‌లో నిల్వ ఉంటుంది. ప్లగ్గు తీసిన తర్వాత దిగిపోవాలి, కానీ దింపే చిన్న భాగం చెడిపోతే దిగదు. తడిసిన ఎస్ఎంపీఎస్‌ను ఎండబెట్టి వాడుకోవడం డబ్బు మిగుల్చుకునే చోటు కాదు, మారిస్తే తక్కువలో పోతుంది. అది చెడిపోతే ఊరికే చెడిపోదు, కొన్నిసార్లు బోర్డును, డిస్క్‌ను వెంటబెట్టుకుపోతుంది. కొత్తది కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని బరువు చూడండి. 450 వాట్లని అచ్చేసి, ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉండే సరుకు మార్కెట్‌లో బోలెడంత. మీ మిషన్‌ను నిన్న కాపాడింది ఆ షార్ట్ రక్షణే అయితే, అది లేనిదాన్ని తెచ్చి పెట్టడంలో అర్థం లేదు.

మొదటిసారి ఆన్ చేయడం డబ్బా బయటే చేయండి. బోర్డును అట్టముక్క మీద పెట్టి, ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యాము, మంచి ఎస్ఎంపీఎస్, అంతే. గ్రాఫిక్స్ కార్డు లేకుండా బోర్డు మీది పోర్టుకే మానిటర్ తగిలించండి. కొన్ని ప్రాసెసర్లలో ఆ సదుపాయం ఉండదు, అప్పుడు కార్డు పెట్టక తప్పదు. హార్డ్‌డిస్క్ మాత్రం ఇప్పుడే వద్దు. బోర్డు తిన్నగా ఉందని తేలాకే దాన్ని తగిలించాలి.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఆన్ చేసే ముందే ఒక మాట చూసుకోవచ్చు. ప్రాసెసర్ ప్లగ్గులోని 12 వోల్టుల పిన్నుకు, గ్రౌండ్‌కు మధ్య బీప్ వస్తే షార్ట్ ఇంకా ఉంది, ఆన్ చేయొద్దు. అదే ప్రాసెసర్ పక్క కాయిల్స్ దగ్గర పెడితే బాగున్న బోర్డుకు కూడా బీప్ వస్తుంది. అక్కడ రెసిస్టెన్స్ సహజంగానే చాలా తక్కువ. ఆ బీప్ విని బోర్డు పోయిందని చెప్పి కొత్తది అంటగట్టే మెకానిక్ దొరికితే, ముందు ప్లగ్గు దగ్గర పెట్టి చూపించమనండి.

తెర మీద బొమ్మ వచ్చిందంటే గండం చాలావరకు గడిచినట్టే. బటన్ బ్యాటరీ తీశారు కాబట్టి తేదీ వెనక్కి పోయి ఉంటుంది. దాన్ని సరిచేయకపోతే జీఎస్‌టీ పోర్టల్ తెరిస్తే సురక్షితం కాదని బ్రౌజర్ మొరాయిస్తుంది, టాలీలో తేదీలూ గందరగోళమవుతాయి. బయాస్ (మిషన్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికి రావడం వల్ల కొన్ని మిషన్లు బూట్ డిస్క్ లేదంటాయి. డిస్క్ పాడైందని హడలిపోకుండా, బూట్ పద్ధతి లెగసీయా యూఈఎఫ్ఐయా అన్నది, సాటా పద్ధతి ఏదన్నది పాతదానికి మార్చి చూడండి. ఈ సమయంలోనే బిట్‌లాకర్ మళ్లీ తాళం అడగొచ్చు.

ఆన్ అయిన తర్వాత కూడా ఒక నెల రోజులు కన్నేసి ఉంచాలి. నీళ్లు పడిన బోర్డులో మొదట పోయేవి సాధారణంగా పోర్టులు. ఒక యూఎస్‌బీ పనిచేయదు, నెట్ కేబుల్ పట్టదు, సౌండ్ గరగరమంటుంది. నెల రోజుల తర్వాత ఒకసారి రేకు తీసి టార్చి వేసి చూడండి. పచ్చగానో తెల్లగానో పొడి కనిపిస్తే మళ్లీ ఐపీఏ బ్రష్. మిషన్ నడుస్తోంది కదా అని ఊరుకుంటే ఆ పొడి కాళ్లను తినేస్తూ పోతుంది.

మానిటర్, కీబోర్డుల మీద కూడా చుక్కలు పడ్డాయన్నారు. కీబోర్డు తీగది, మామూలుది అయితే తీసి బోర్లించండి, చాయ్ పడినదైతే మంచినీళ్లతో కడిగి వారం ఆరబెట్టినా నష్టం లేదు, పోతే కొత్తది కొనండి. మానిటర్ మాత్రం పైనుంచి కారిన నీళ్లు కింది పట్టీలో చేరితే ప్రమాదం. తెరను నడిపించే సన్నటి రిబ్బన్లు చాలావాటిలో అక్కడే అతికి ఉంటాయి, తర్వాత నిలువు గీతలు వచ్చేది వాటి వల్లే. మానిటర్‌కూ కరెంటు తీసి రెండు రోజులు పక్కన పెట్టండి.

ఇదంతా సీసాడు నీళ్ల సంగతి. వరద నీళ్లది వేరే లెక్క. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందే, ఆ రోజుల్లో వరంగల్ హంటర్ రోడ్డు కాలనీలు మునిగి సీపీయూలు వరసగా వచ్చాయి. మోరీ నీళ్లు, బురద లోపల నిండినవాటిని ఆరబెడితే ఒండ్రు గట్టిపడుతుంది. వాటిని తడిగా ఉన్నప్పుడే ముందు మంచినీళ్లతో బురద పోయేదాకా కడిగి, తర్వాత బ్యాటరీ వాటర్, తర్వాత ఐపీఏ. ఎస్ఎంపీఎస్ పారేయాల్సిందే. పాత మిషన్ అయితే డిస్క్ ఒక్కటి కాపాడుకుని మిగతాదాని మీద డబ్బు పెట్టకపోవడం నయం.

మీదీ అలాగే లెక్కేసుకోండి. ఆరేడేళ్ల పాత మిషన్ అయి, శుభ్రం చేశాక కూడా బోర్డు లేవకపోతే చిప్ లెవెల్ రిపేరుకు సగం కొత్త బోర్డు డబ్బులు అడిగితే వద్దనండి. ఆ తరం బోర్డు, ప్రాసెసర్ కలిపి సెకండ్ హ్యాండ్‌లో హన్మకొండలోనే దొరుకుతాయి. లేకపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీకి పోవచ్చు. కొత్త మిషన్ అయితే రిపేరు చేయించడం లాభమే. వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు, నీళ్లు పడిన నష్టం మామూలు వారంటీలో రాదు. సేటుకు దుకాణం మీద ఇన్సూరెన్సు ఉంటే పాలసీ కాగితం తీసి ఎలక్ట్రానిక్ సామాన్లకు ప్రమాద నష్టం రాసి ఉందో లేదో చూడమనండి. ఉంటే ఏదీ విప్పకముందు తీసిన ఫోటోలు పనికొస్తాయి.

ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా నీళ్లు పడ్డాయని దాచకండి. ఏ నీళ్లు, ఎప్పుడు పడ్డాయి, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసి చూశారు, ఈ మూడూ ముందే చెప్పండి. చెప్పకుండా ఇస్తే, ఆన్ అవట్లేదని విన్న మెకానిక్ చేసే మొదటి పని ప్లగ్గు పెట్టి బటన్ నొక్కడమే.